ముట్టకూడని స్వామి

“గంట మోగిందండీ. చచ్చిపోయిన మా చిన్నాన్న పూజగంట.”

ఆ మాట అని పుండరీకవల్లి తల తిప్పి తలుపు వైపు చూసింది. తలుపు అవతలి గదిలో ఆమె అన్న లక్ష్మీనరసింహం మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. నంద్యాలలో ఈ చిన్న నర్సింగ్ హోంలో చేర్చినప్పటి నుంచి మనిషి దినదినానికీ పీక్కుపోతున్నాడే గాని తేరుకోవడం లేదు.

వరండా బెంచీ మీద ఆమెకు ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్ మోషే వెంటనే ఏమీ అనలేదు. అతనికి ఒక అలవాటుంది. ఎదుటి మనిషి చెప్పడం అయిపోయిన తర్వాత గూడా కాసేపు ఊరికే ఉంటాడు. అబద్ధం చెప్పేవాళ్ళు ఆ ఖాళీని ఓర్చుకోలేరు, ఇంకో నాలుగు మాటలు తెచ్చి నింపుతారు. పుండరీకవల్లి నింపలేదు. కొంగు సర్దుకొని ఆమె గూడా ఊరికే కూర్చుంది.

ఇదేదో గట్టి పిండమే అనుకున్నాడు మోషే.

“ఏ వేళప్పుడు మోగింది?”

“తెల్లవారుజామున. చిన్నాన్న పూజకు కూర్చునే వేళకే.”

“ఇంకెవరన్నా విన్నారా?”

“లేదు. పిన్ని వెనక వసారాలో పడుకొని ఉంది. ఆమెకు చెప్తే గుండె ఆగిపోతుంది. అన్నకు అసలే చెప్పకూడదు. అందుకే ఎవ్వరికీ చెప్పలేదు. మీకే మొదలు.”

“అది మీ చిన్నాయన గంటేనని ఎట్ల చెప్తాండారు? మీరు ఆ ఇల్లు విడిచిపోయింది చిన్న పిల్లప్పుడు గదా.”

“చిన్న పిల్లలకే అలాంటివి గుర్తుంటాయండీ. ఆ గంట శబ్దానికే నేను నిద్ర లేచేదాన్ని. కళ్ళు నులుముకుంటూ పూజగది దగ్గరికి పరుగెత్తితే, చిన్నాన్న ఎడమచేత్తో గంట వాయిస్తూ కుడిచేత్తో హారతి ఇస్తూ ఉండేవాడు.” ఆమె గొంతు కొంచెం వణికింది. “అదే గంట. పూజగదిలో దీపం లేదు, మనిషి లేడు. గంట మాత్రం మోగుతూ ఉంది.”

వణుకు సరిగ్గా ఎక్కడ రావాలో అక్కడే వచ్చింది. మోషేకు అదే నచ్చలేదు. కానీ గొంతు వణికిందని ఎవరి మీదా నేరం మోపలేము.

ఆళ్లగడ్డలో ఆచార్యుల ఇంటిని దయ్యం పట్టడం ఇది రెండోసారి. డెబ్బై ఆరులో మొదటిసారి. అప్పుడు లక్ష్మీనరసింహం తండ్రి రంగాచార్యులు, తన తండ్రి దయ్యమై పిలుస్తున్నాడని మంచం పట్టి చనిపోయినాడు. భయంతో పోయినాడని ఊరంతా అనుకుంది. భయంతో కాదు, గన్నేరు పప్పుతో అని తేల్చినవాడు మోషే. ఆ ఇంట్లో ఏండ్ల తరబడి వంట చేసిన శేషాద్రిని పోలీసులకు పట్టించినవాడూ అతనే. శేషాద్రి జైలుకు పోయినాడు గాని, ఎందుకు చేసినాడో, వెనక ఎవరున్నారో చెప్పలేదు. కొట్టినా చెప్పలేదు, బతిమాలినా చెప్పలేదు. ఆచార్యుల ఇంట్లో బంగారం లేదు. భూములు అంతంత మాత్రం. అంత మంచి మనిషిని చంపితే ఎవరికి ఏమి వస్తుంది? ఆ ప్రశ్న మోషే గొంతులో ముల్లు మాదిరి మూడేండ్లు ఉండిపోయింది.

ఇప్పుడు రంగాచార్యులే దయ్యమై తిరిగొచ్చినాడంటున్నారు. బావి దగ్గర నుంచి పూజగది దాకా తడి అడుగులు పడుతున్నాయంట. పిలిచేది తన కొడుకునేనంట.

పుండరీకవల్లి రంగాచార్యుల అన్న కూతురు. తండ్రి పోయిన తర్వాత తల్లి వెంట మైసూరు వెళ్ళిపోయిన పిల్ల. తల్లి గూడా పోవడంతో ఆరు నెలల కిందట తిరిగొచ్చి పిన్ని పంచన చేరింది. వచ్చిన దానికి ఇంటి మూలమూలా తెలుసు. బియ్యం గాదె యాడ ఉందో, వెనక గోడలో ఏ రాయి వదులో, పిన్నికి పులిహోరలో ఇంగువ ఎంత పడాలో అన్నీ తెలుసు. అట్లాంటి దాన్ని అనుమానించడానికి మోషే దగ్గర ఏమీ లేదు, ఆ వణుకు తప్ప.

“సరే, పోయి మీ అన్నను చూసొస్తా” అని లేచినాడు.

లక్ష్మీనరసింహం ఆళ్లగడ్డ హైస్కూల్లో తెలుగు పండితుడు. పద్యం ఎత్తుకుంటే నాలుగు క్లాసుల అవతలికి వినిపించే గొంతు. ఇప్పుడు మోషే చెవిని ఆయన నోటి దగ్గర పెట్టాల్సి వచ్చింది.

“మోషేగారూ, నేను పోతానని నాకు భయం లేదు.”

“ఎవరు పోనిస్తారు మిమ్మల్ని?”

“అమ్మ ఒక్కతే అయిపోతుంది. అది మాత్రం...” ఆయన కండ్లు మూసుకున్నాడు. “నాన్నకు చేయలేకపోయినారు. నాకన్నా చేయండి.”

మోషేకు ఆ మాట చెంపదెబ్బ మాదిరి తగిలింది. ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎండాకాలంలో గూడా చల్లగా ఉంది.

గది బయట స్టాఫ్ నర్సు కృపావతి కాచుకొని ఉంది. మోషేదీ ఆమెదీ ఒకే చర్చి. పుండరీకవల్లి వినకుండా అతన్ని మందుల గదిలోకి లాగింది.

“అన్నా, నేను చెప్పినానని యాడా అనొద్దు. రాత్రంతా ఆయప్ప బాగనే ఉంటాడు. మా గంజి తాగుతాడు, నిద్రపోతాడు. పొద్దున ఆమె వస్తాది. ఇంటి స్వామి తీర్థమని చిన్న చెంబులో తెచ్చి తాపుతాది. కాసేపటికే వాంతులు. నాడి చూస్తే యాడికో జారిపోయి ఉంటాది.”

“డాక్టరుకు చెప్పినావా?”

“చెప్పినా. దేవుడి తీర్థం తాగితే ఎవరన్నా చస్తారా, నీకు వేరే మతమని అనుమానమా అన్నాడు. నోరు మూసుకున్నా.”

మోషే పండ్లు బిగించినాడు. మళ్ళీ అదే దారి. మళ్ళీ గన్నేరు.

“ఇంక ఈ పొద్దు నుంచి ఇంటి నుంచి వచ్చింది నీళ్ళ చుక్క గూడా ఆయన గొంతులో పడకూడదు కృపా.”

“ఆమె ఒప్పుకుంటాదా?”

“పెద్ద నర్సువి. కసురుకో. నీకు రాకనా?”

“నీకు చేతనైతే నువ్వే కసురుకోపో” అన్నది గాని, కృపావతి నవ్వలేదు.

*

మధ్యాహ్నానికి మోషే ఆళ్లగడ్డలో దిగి ఆచార్యుల ఇంటికి వచ్చేసరికి, అక్కడ అప్పటికే ఒకాయన రాజ్యం ఏలుతున్నాడు. నడవాలో ఈతచాప, చాప మీద నిమ్మకాయలు, వేపమండలు, పసుపు ముద్ద, వాటి వెనక గుంజకు ఆనుకొని గురవయ్య. ప్యాపిలి పక్క నుంచి వచ్చిన భూతవైద్యుడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆయన పేరు చెప్తే ఏడ్చే పిల్లలు నోరు మూస్తారు.

“రాప్పా డిటెక్టివూ, రా. పోయినసారి దయ్యాన్ని జైల్లో పెట్టించినావంట గదా. గోడ దూకొచ్చిందా?”

“పోయినసారి దయ్యం పప్పు రుబ్బింది గురవయ్యా. ఈసారి దయ్యం ఏం చేస్తాందో చూద్దామని వచ్చినా.”

“చూడు, చూడు. నీ కండ్లకు కనపడేటివైతే చూడు.” గురవయ్య లేచి వాకిట్లోకి దారి తీసినాడు. బావి దగ్గర నుంచి పూజగది గడప దాకా బండల మీద, ఒక్కొక్క అడుగు చుట్టూ ముగ్గుపిండితో గీసి పెట్టినాడు. “తడి ఆరకముందే నేనే గీసినా. రంగాచార్యుల పాదాలు. పోయినవి ఉండాయి, తిరిగి వచ్చినవి ల్యావు. లోపలికి పోయి ఆడనే ఉండాడు.”

మోషే వంగి చూసినాడు. పాదం పెద్దదే. మగవాళ్ళ పాదమే. కానీ చెక్క మీద గీసి కోసినట్టు ప్రతి అడుగూ ఒకే తీరుగా ఉంది. మడమ యాడా నొక్కుకోలేదు, వేళ్ళు యాడా విచ్చుకోలేదు. ఒక అడుగు మీద తన చెప్పు పెట్టి, మామూలుగా నడిచినట్టు రెండో కాలు ముందుకేసినాడు. అతని రెండో కాలు దయ్యం మూడో అడుగు మీద పడింది.

“గురవయ్యా, రంగాచార్యులు ఎంత పొడుగు?”

“తాడిచెట్టు. ఈ గుమ్మంలో తల వంచేవాడంటారు.”

“అంత పొడుగు మనిషి ఇంత చిన్న చిన్న అడుగులు ఏసినాడా? చచ్చిన తర్వాత చీర కట్టుకున్నాడా ఏంది?”

గురవయ్య ముఖం కందిపోయింది. “ఎగతాళి చేస్తాండావు. చెయ్యి. మీ ఏసుస్వామి దయ్యాలను పందుల్లోకి తోలలేదా? ఆయన తోలితే మహిమ, నేను తోలితే మోసమా?”

“ఆయన దుడ్లు తీసుకోలేదు గురవయ్యా.”

“నేనూ ఈ ఇంట్లో రాగి పైసా ముట్టలేదు! అడుగు ఆ అమ్మను!” గొంతు పెరిగింది. “నా చేతిలో నలుగురు బాగైనారు, ఇద్దరు పోయినారు. పోయినోళ్ళను నేను మరిచిపోలేదు. నువ్వు ఎంతమందిని బాగుచేసినావో చెప్పు. రంగాచార్యులను బతికించినావా?”

ఆ దెబ్బ మోషేకు ఒకే దినంలో రెండోసారి తగిలింది. ఈ మనిషి దొంగో కాదో తెలియదు గాని, ఆ కోపం మాత్రం దొంగది కాదనిపించింది. గొంతు తగ్గించి అడిగినాడు.

“ఇంట్లోవాళ్ళకు ఏమేం కట్టడి పెట్టినావు?”

“మండలం దినాలు ఎవురూ స్వామిని ముట్టకూడదు. అహోబిలం నుంచి బంధువులను పిలిపించి పూజ చేయిస్తామని అమ్మ అనింది. వద్దన్నా. మగోడు ఎవడు ఆ గది తొక్కినా పోయినాయప్ప వాణ్ణి పట్టుకుంటాడు.”

“అది నీకు అంజనంలో కనపడిందా?”

“కనపడేదేముంది? ఆ బిడ్డే అడిగింది. ‘స్వామిని ఎవరూ ముట్టకుండా ఉంటే మంచిది కదా గురవయ్యా’ అని. నాకూ సబబే అనిపించింది.”

“పుండరీకవల్లి?”

“ఆ బిడ్డే గదా నన్ను పిలిపించింది.”

*

రంగాచార్యుల భార్య కౌసల్యమ్మ అరవై ఏండ్ల మనిషి. ఎండిన వేపపుల్ల మాదిరి ఉంటుంది. మోషేను చూడగానే అడిగిన మొదటి మాట, “వాడు అన్నం తిన్నాడా?”

“గంజి తాగినాడమ్మా.”

“నాకు అబద్ధం చెప్పొద్దు నాయనా.”

“అబద్ధం కాదమ్మా. రాత్రి తాగిన గంజి అరిగింది. ఆయన బతుకుతాడు. కానీ నాకు మీ పూజగది చూడాల.”

చెప్పి, గడప ఇవతలే నిలబడినాడు. రుద్రవరం దగ్గర పల్లెలో కూలీనాలీ చేసుకునే కిరస్తానం ఇంట్లో పుట్టి, ఆ వాడకంతటికీ మొదటి బీయే ప్యాసైనవాడు మోషే. పోయినసారి గూడా ఆ గడప దాటలేదు. అడగలేదు.

“నువ్వు రావద్దని నేను ఎన్నడూ అనలేదు” అన్నది కౌసల్యమ్మ, చూపు పక్కకు తిప్పుకొని.

“రమ్మని గూడా అనలేదు గదమ్మా.” నొప్పించాలని కాదు, ఉన్నమాట. “ఏం ఫర్వాలేదు. మీరే ఒక్కొక్కటి తెచ్చి ఈడ పెట్టండి. నేను చూస్తా.”

అట్లా ఒక విచిత్రమైన సోదా మొదలయింది. డిటెక్టివు గడప బయట గొంతుక్కూర్చున్నాడు. లోపల నుంచి ముసలామె ఒక్కో వస్తువూ తెచ్చి, పేరు చెప్పి, గడప మీద పెట్టింది. దీపపు కుందెలు. తీర్థం పోసే చిన్న గిన్నెలు. ఉద్ధరిణి. తులసి పెట్టుకునే తట్ట. హారతి పళ్ళెం. చందనం అరగదీసే సాన. మోషే ఒక్కోదాన్నీ ముట్టకుండానే చూసినాడు. తీర్థం గిన్నె అంచును వాసన చూసినాడు. తులసి, పచ్చకర్పూరం. వేరే ఏమీ లేదు. విషం కలిసేది ఇక్కడ కాదు, దారిలో.

గది మధ్యలో పీట మీద, పట్టుగుడ్డ చుట్టి, మూరెడు ఎత్తున పంచలోహపు నరసింహస్వామి. ఒళ్ళో అమ్మవారు. దీపం వెలుతురులో ముఖం మాత్రమే తెలుస్తా ఉంది.

“స్వామిది ఎన్నాళ్ళ నాటి విగ్రహమమ్మా?”

“ఎవరికి తెలుసు? మా మామగారి తాతలు అహోబిలం నుంచి దిగి వచ్చేటప్పుడు చంకన పెట్టుకొని వచ్చినారంట. ఒక దొరగారు మద్రాసు నుంచి కారేసుకొని వచ్చి, కొంటానన్నాడు. మా ఆయన ఆయన్ని వాకిట్లోకి గూడా రానియ్యలేదు.”

“అదెప్పుడు?”

“ఆయన పోయేదానికి ముందే. ఆ ఏడాదే.”

మోషే గొంతులో ముల్లు కదిలినట్టయింది.

“పోయినసారి నాకు ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?”

“నువ్వు అడగలేదు గదా నాయనా. స్వామిని అడిగి పోయినోళ్ళు ఎంతోమంది. అదొక విశేషమా?”

అతను గడప మీది వస్తువులను మళ్ళీ ఒకసారి చూసినాడు. ఏదో తక్కువయినట్టుంది.

“అన్నీ తెచ్చినారా? గంట యాడమ్మా?”

“ఏం గంట?”

“పూజగంట. రంగాచార్యులవారు వాయించే గంట.”

కౌసల్యమ్మ అతని వైపు, పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది.

“మా ఇండ్లల్లో గంట యాడిది? మా మతగురువు దేశికులవారు తిరుమల స్వామి గంట అవతారం. అందుకని మా శాఖవాళ్ళం ఇంటి పూజలో గంట వాయించం. మా మామ వాయించలేదు, మా ఆయన వాయించలేదు, నా కొడుకు వాయించడు. ఈ ఇంట్లోకి గంట ఎన్నడూ రాలేదు. మా వాళ్ళల్లో పాలు తాగే పిల్లకు గూడా ఈ సంగతి తెలుసే.”

మోషే లేచి నిలబడినాడు.

ఎడమచేత్తో గంట వాయిస్తూ, కుడిచేత్తో హారతి ఇస్తూ. ఆ గంట శబ్దానికే నిద్ర లేచేదాన్ని.

గాదె యాడ ఉందో తెలుసు. గోడలో ఏ రాయి వదులో తెలుసు. పులిహోరలో ఇంగువ తెలుసు. వంటవాడు శేషాద్రికి తెలిసేవన్నీ ఆమెకు తెలుసు. వంటవాడు ఎన్నడూ తొంగి చూడని పూజగది మాత్రం తెలియదు. తెలియని దాన్ని, చూసిన వేరే ఇండ్లల్లో మాదిరే ఉంటుందనుకొని అల్లి చెప్పింది.

“అమ్మా,” అన్నాడు మెల్లగా, “పుండరీకవల్లి వచ్చిన దినం మీరు ఆమెను ఎట్ల గుర్తుపట్టినారు?”

“గుర్తుపట్టేదేముంది? ఏడేండ్లప్పుడు పోయిన పిల్ల. వచ్చి కాళ్ళ మీద పడి పిన్నీ అనింది. ఇంట్లో సంగతులన్నీ చెప్పింది.” ఆమె చటుక్కున తలెత్తింది. “ఎందుకడుగుతాండావు?”

అతను చెప్పినాడు. గంట సంగతి, తీర్థం సంగతి, అన్నీ. ఒక్క మాట గూడా మెత్తగా చేయలేదు.

కౌసల్యమ్మ గోడను పట్టుకుంది. ఏడవలేదు. “అయితే నా కొడుకు దగ్గర కూర్చోని ఉండేది ఎవరు?” అన్నది. ఆ తర్వాత, ఇంకా చిన్న గొంతుతో, “మరి మా పిల్ల ఏమయింది?”

రెండో ప్రశ్నకు బదులు తర్వాత వెతకొచ్చు. మొదటి దానికైతే పరుగెత్తాలి.

*

ఎదురింటి వకీలు గారింట్లో ఫోను ఉంది. నంద్యాలకు ట్రంకు కాలు అడిగి, అది కలిసేదాకా మోషే చొక్కా గుండీని తిప్పి తిప్పి తెంపేసినాడు. చివరికి కృపావతి గొంతు వచ్చింది. ఏడుపు గొంతు.

“అన్నా, నువ్వే రమ్మన్నావంట గదా!”

“ఎవరిని?”

“ఆయప్పను. తీర్థం తాపనియ్యనని నేను కసురుకుంటే, ఆమె ఒక్క మాటా అనకుండా బయటికి పోయింది. కారు తీసుకొని వచ్చింది. మోషేగారు కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకురమ్మన్నారు అని డాక్టరుకు చెప్పింది. నీ పేరు చెప్తే ఆయప్ప తనే లేచి కూర్చున్నాడు అన్నా. నీ పేరు చెప్తేనే...”

“ఎప్పుడు?”

“నువ్వు బస్సెక్కిన కాసేపటికే.”

మోషే రిసీవరు పెట్టేసినాడు. పోలీసు స్టేషనుకు పోదామని గుమ్మం దాటబోతుండగా ఫోను మళ్ళీ మోగింది. వకీలు తీసి విని, వింతగా చూసి, అతని వైపు చాపినాడు. “నీకేనంట.”

“మోషేగారూ.” అదే గొంతు. వణుకు లేదిప్పుడు. “నర్సుకు ఏమేమో నేర్పిపోయారు. నాకు కోపం తెప్పించారు.”

“నువ్వెవరివి?”

“అబ్బో, అండీలు పోయాయి. అయితే పూజగది చూసి వచ్చారన్నమాట. ఏం దొరికింది?”

“దొరకనిది దొరికింది. మనిషి బతికే ఉండాడా?”

“ఉన్నాడు. పద్యాలు కలవరిస్తున్నాడు. వినండి. మీ స్వామి వేరే కదా, వాళ్ళ స్వామితో మీకు పనేముంది? ఆ విగ్రహాన్ని తీసుకొని పొద్దుగూకేలోపల రుద్రవరం దాటి, అడవి మొదట్లో ఫారెస్టు గేటు దగ్గరికి రండి. మీరొక్కరే. స్వామిని ఇవ్వండి, అన్నను తీసుకెళ్ళండి. ఖాకీ బట్టలు కనపడ్డాయంటే అన్నకు తీర్థం ఇస్తాను. ఈసారి ఒక్క గుటక చాలు.”

ఫోను తెగిపోయింది.

మోషే వెంటనే ఎక్స్ఛేంజికి కొట్టినాడు. “ఇప్పుడొచ్చిన కాలు యాడ నుంచి?”

“ఆత్మకూరు నుంచి సార్.”

ఆత్మకూరు ఒక దిక్కు, రుద్రవరం ఇంకో దిక్కు. రుద్రవరం పోవాల్సిన కారు ఆత్మకూరులో ఏం చేస్తా ఉంది? తిరుక్కొని రావడానికి పొద్దుగూకేదాకా టైముందిలే అని మనసు సర్ది చెప్పింది. కానీ సర్దుకోలేదు.

తిరిగొచ్చి కౌసల్యమ్మకు చెప్తే ఆమె మొత్తం విననే లేదు. స్వామిని అడుగుతున్నారు అనేదాకానే విని, లేచి పూజగదిలోకి పోయింది.

“అమ్మా, ఆలోచించుకోండి. అది మీ వంశం...”

“వంశమంటే నా కొడుకే” అన్నది లోపల నుంచి.

నడవాలో గురవయ్య లేచి నిలబడినాడు. “అమ్మా! ముట్టొద్దు! ఆడకూతుళ్ళు...” అని, మాట సగంలోనే మింగేసినాడు.

నలభై ఏండ్ల కాపరంలో కౌసల్యమ్మ ఆ విగ్రహాన్ని ఎన్నడూ ముట్టలేదు. తిరుమంజనమని స్వామికి స్నానం చేయించినా, ఎత్తినా, దించినా మగవాళ్ళే. ఆమె దీపం పెట్టి, వండిన తళిగ నైవేద్యంగా చూపించి, దూరంగా నిలబడి దండం పెట్టుకునేది. ఇప్పుడు కండ్లు మూసుకొని, రెండు చేతులూ చాచి, పట్టుగుడ్డతో సహా స్వామిని ఎత్తుకుంది. గడప దాటి బయటికి వచ్చింది.

“పట్టుకో నాయనా.”

“అమ్మా, నేను...”

“నువ్వెవరో నాకు తెలుసు. పట్టుకో. నా బిడ్డను తీసుకురా.”

మోషే కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము బిగించి, మూరెడు లోహపు బరువుకు సిద్ధపడి చేతులు చాచినాడు. అందుకున్నాడు. బిగించిన చేతులు ఒక్క ఊపున గడ్డం దాకా లేచిపోయినాయి.

“ఏమప్పా, దూదిమూట ఎత్తినట్టు ఎత్తినావు?” అన్నాడు గురవయ్య.

కౌసల్యమ్మ తన ఖాళీ చేతులను చూసుకుంటా ఉంది. “నాకూ అదే వింతగా ఉంది. మా ఆయన, నా కొడుకు దీన్ని దించేటప్పుడు రొప్పేవాళ్ళు. అలవాటు లేని నేను ఒక్క గుక్కలో ఎత్తినా. నా కష్టం చూసి స్వామి తేలికైపోయినాడేమో.”

మోషే జేబులో నుంచి తాళంచెవి తీసి, విగ్రహాన్ని బోర్లించి, పీఠం అడుగున గట్టిగా గీకినాడు. నల్లటి రంగు పెచ్చుగా లేచింది. కింద తెల్లటి పిండి రాలి, బండ మీద పడింది. వేలితో నలిపి చూసినాడు. సున్నంపిండి. బొమ్మలు పోసే పిండి.

స్వామి ఈ ఇల్లు దాటి పోయి ఎన్నాళ్ళో అయింది. మనిషిని మంచాన వేసింది అందుకే. గురవయ్య నోటితో ఎవరూ ముట్టకూడదు అనిపించింది అందుకే. పూజ చేసే మగవాడు లేని ఇంట్లో, దూరం నుంచి దండం పెట్టే ముసలామెకు సున్నపు బొమ్మయితే ఏమి, పంచలోహమైతే ఏమి, దీపం వెలుతురులో ఒకటే. మరి దొంగిలించి పెట్టుకున్న స్వామిని మళ్ళీ ఎందుకు అడుగుతుంది? అడవి మొదట్లో ఒక పిచ్చి డిటెక్టివును చీకటి పడేదాకా నిలబెట్టడానికి. ఆ లోపల కారు ఆత్మకూరు దాటి శ్రీశైలం అడవిలో పడుతుంది. సున్నిపెంట దాకా పలకరించే మనిషి ఉండడు.

“అమ్మా,” అన్నాడు. అడగకుండా ఉంటే బాగుండేది, కానీ తప్పదు. “అసలు స్వామి బరువు చేతికి తెలిసినోళ్ళు ఇప్పుడు ఎవరెవరు ఉండారు?”

“ఎవరున్నారు నాయనా? ఎత్తినోళ్ళంతా పోయినారు. వాడొక్కడే...”

మాట నోటి నుంచి వచ్చిన తర్వాత గాని దాని అర్థం ఆమెకు తెలియలేదు. తిరిగొచ్చి స్వామిని ఎత్తితే మోసం పట్టేసేది వాడొక్కడే. తెలిసిన తర్వాత ఆమె అరవలేదు. మోషే మోచేతిని మాత్రం పట్టుకుంది. ఆ ఎండిన వేళ్ళు ఎముక దాకా దిగినాయి.

గురవయ్య అప్పటికే నిమ్మకాయలను కాలితో పక్కకు తన్ని వాకిట్లోకి ఉరికినాడు. “ఊర్లో రైసుమిల్లాయప్ప జీపుంది. నేను అడిగితే కాదనడు. బేగా రా! రుద్రవరం దారేనా?”

“రుద్రవరంలో ఎవురూ ఉండరు గురవయ్యా,” అన్నాడు మోషే, సున్నపు స్వామిని గడప మీదే దించి పరుగెత్తుతూ. “ఆత్మకూరు దారికి తిప్పమను. పోలీసు స్టేషన్ ముందర ఒక్క నిమిషం ఆపమను. వాళ్ళు మన కోసం కాచుకొని లేరు.”